220లోంచి వయసు తీసేస్తే దమ్ము లెక్క తేలదు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక మా సిరొంచకు గోదావరి దాటి వస్తుంది. మేం ఉన్నది మహారాష్ట్రలో, గడ్చిరోలి జిల్లాలో. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది మరాఠీ. కాబట్టి ఒళ్లు గురించీ మందుల గురించీ తెలుగులో ఏదైనా అచ్చయితే మా వాళ్లు దాన్ని కత్తిరించి దాచుకుంటారు. ఇటీవల మీ ఆరోగ్యం పేజీలో వ్యాయామం మీద ఒక పట్టిక వచ్చింది. 220లోంచి మీ వయసు తీసేయండి, వచ్చినదాంట్లో 60 నుంచి 80 శాతం దాకా గుండె కొట్టుకునేలా నడవండి లేదా పరుగెత్తండి, అంతకు మించవద్దు అని. పోలీస్ భర్తీకి తయారవుతున్న మా పిల్లలు దాన్ని ఫోన్లో ఫొటో తీసుకున్నారు. కొందరు చేతికి వాచీలు కూడా కొన్నారు. ఆ పట్టికతో నాకు పేచీ ఉంది.

నేను వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు పొద్దున పూట మైదానానికి వచ్చే భర్తీ పిల్లలకు నాకు తెలిసింది చెబుతుంటాను. సిరొంచ పిల్లలే కాదు, అంకీస, ఆసరెల్లి వైపు నుంచి కూడా వస్తారు. మగపిల్లలకు 1600 మీటర్ల పరుగు, ఆడపిల్లలకు 800, తర్వాత అందరికీ 100 మీటర్లు, గోళాఫేక్ (ఇనుప గుండు విసరడం). అన్నీ కలిపి 50 మార్కులు. ఈ 50 మార్కుల కోసం ఇళ్లల్లో ఎంత టెన్షన్ ఉంటుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

ముందు ఆ 220 సంగతి. 1971లో ఫాక్స్, నాటన్, హాస్కెల్ అనే అమెరికా పరిశోధకులు, అప్పటికే అచ్చయిన కొన్ని పరిశోధనల అంకెలను ఒకచోట పెట్టి, వయసు పెరిగేకొద్దీ గుండె గరిష్ఠ వేగం ఎలా తగ్గుతుందో చూపించారు. ఆ చుక్కల మధ్య నుంచి గీసిన ఉజ్జాయింపు గీతే ఈ సూత్రం. 2001లో టనాకా బృందం ఇంకా ఎక్కువ మంది అంకెలు తీసుకొని, 208లోంచి వయసులో పదింట ఏడు వంతులు తీసేయాలని సవరించింది. 60 ఏళ్ల మనిషికి పాత లెక్కలో 160 వస్తే కొత్త లెక్కలో 166 వస్తుంది. ఏ సూత్రం పట్టుకున్నా ఒకే వయసు మనుషుల మధ్య పది, పన్నెండు అటూ ఇటూ ఉండటం మామూలు. 20 ఏళ్ల కుర్రాడికి 200 అని మీరు రాస్తే, వాడి అసలు గరిష్ఠం 188 కావచ్చు, 212 కూడా కావచ్చు. ఆ తప్పు అంకెలో మళ్లీ 80 శాతం తీస్తాం. సరే, గరిష్ఠం నిజంగా కొలిచే తెచ్చారనుకుందాం. అప్పుడూ చిక్కు తీరదు. ఒకరికి దమ్ము తిరగబడేది, అంటే ఆయాసం మొదలయ్యేది, గరిష్ఠంలో 70 శాతం దగ్గర, బాగా సాధన ఉన్న ఇంకొకరికి 85 దాటాక. శాతం ఒక్కటే అయినా ఒకడు హాయిగా ఉంటాడు, ఒకడు రొప్పుతుంటాడు.

పరుగెత్తేవాడికి తెలియాల్సింది ఆ తిరగబడే చోట్లు. అవి రెండు. నేను పిల్లలతో మొదటి గీత, రెండో గీత అంటాను. ఒంట్లో లాక్టేట్ అనే పదార్థం ఎప్పుడూ తయారవుతుంటుంది, ఎప్పటికప్పుడు ఖర్చవుతుంటుంది. చెరువులోకి వచ్చే నీళ్లూ తూము గుండా పోయే నీళ్లూ సమానంగా ఉన్నంతసేపు మట్టం కదలదు కదా, అలాగన్నమాట. కూర్చున్నప్పుడు రక్తంలో అది లీటరుకు ఒక మిల్లీమోల్ (రక్తంలో ఇలాంటి పదార్థాలను లెక్కపెట్టే కొలత) చుట్టుపక్కల ఉంటుంది. మెల్లగా పరుగెత్తినా పెద్దగా కదలదు. వేగం పెంచుతూ పోతే ఒకచోట, సుమారు రెండు దగ్గర, లేవడం మొదలవుతుంది. అది మొదటి గీత. ఇంకా పెంచితే, చాలామందిలో నాలుగు చుట్టుపక్కల, వచ్చేది ఎక్కువ, పోయేది తక్కువ అవుతుంది. ఇక ఆ వేగం పట్టుకొని ఉంటే మట్టం పెరుగుతూనే పోతుంది. అది రెండో గీత. మొదటి గీత కింద గంటలకొద్దీ పోవచ్చు. రెండో గీత పైన నిమిషాల లెక్కే. (లాక్టేట్ అంటే విషమనీ, మర్నాటి కాళ్ల నొప్పులకు అదే కారణమనీ చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది పాత మాట. కండరాలు, గుండె దాన్నే ఇంధనంగా వాడుకుంటాయి.)

ఈ గీతలను ల్యాబ్‌లో కొలుస్తారు. కదిలే బెల్టు (ట్రెడ్‌మిల్) మీద పరుగెత్తిస్తూ, వేగం మెట్లు మెట్లుగా పెంచుతూ, ఒక్కో మెట్టుకు చెవి తమ్మె నుంచో వేలి కొస నుంచో ఒక రక్తపు బొట్టు తీస్తారు. లేదంటే ముఖానికి మాస్కు కట్టి ఊపిరి కొలుస్తారు. పెద్ద క్రీడా సంస్థల్లో జరిగే పని అది. మా తాలూకాలో ఒక కుర్రాడు దానికోసం నాగ్‌పూర్ పోయి రావాలంటే బస్సు చార్జీలకే ఇంట్లో గొడవ అవుతుంది.

మరి ఏం చేయాలి? ఒంటినే అడగాలి. ఇది నా సొంత వైద్యం కాదు. గున్నర్ బోర్గ్ అనే స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త, 1927లో పుట్టి 2020లో పోయినాయన, బతుకంతా దీని మీదే పనిచేశాడు. పని చేస్తున్నప్పుడు మనిషికి ఎంత కష్టంగా అనిపిస్తోందో అంకెల్లో చెప్పించడానికి ఆయన 6 నుంచి 20 దాకా ఒక కొలత తయారుచేశాడు. 6 దగ్గర ఎందుకు మొదలంటే, ఆ అంకె పక్కన సున్నా పెడితే ఆరోగ్యంగా ఉన్న పడుచు మనిషి గుండె వేగానికి దగ్గరగా వస్తుందని. కూర్చుంటే 60, ప్రాణం మీదికి వచ్చేలా పరుగెత్తితే 200. ఇందులో 11 అంటే తేలిక, 13 అంటే కొంచెం కష్టం, 15 కష్టం, 17 చాలా కష్టం. 2013లో అచ్చయిన ఒక పరిశోధనలో రెండున్నర వేల మందికి పైగా మనుషుల రక్తమూ, వాళ్లు చెప్పిన అంకెలూ పక్కపక్కన పెట్టి చూశారు. మొదటి గీత దగ్గర సగటున 11కు కాస్త తక్కువ చెప్పారు, నాలుగు మిల్లీమోల్‌ల దగ్గర 14. ఆడా మగా, ముసలీ పడుచూ, గుండె జబ్బు ఉన్నవాళ్లూ లేనివాళ్లూ అన్న తేడా అందులో పెద్దగా కనబడలేదు. వయసును బట్టి లెక్కగట్టే సూత్రానికి ఈ మాట చెప్పగలమా?

బోర్గ్ తర్వాత 0 నుంచి 10 దాకా ఇంకో కొలత ఇచ్చాడు. మా పిల్లలకు అదే నచ్చింది, వేళ్లు చూపిస్తే సరిపోతుంది కాబట్టి. ఇక్కడ మీ పేజీ చూసేవాళ్లకు ఒక హెచ్చరిక. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం చెబుతూ, 0–10 కొలతలో మధ్యస్థం అంటే 5 లేక 6 అంటుంది. బోర్గ్ కొలతలో మధ్యస్థం 3, కష్టం 5. రెండూ పదికే, కానీ రెండూ వేర్వేరు కొలతలు. ఒకదాని అంకె తెచ్చి ఇంకోదాని పక్కన వేస్తే చదివేవాడి పని అయిపోయినట్టే. అలాంటి పట్టికలు నేను చూశాను. ఎక్కడని చెప్పను.

మేం చేసేది ఇది. మైదానంలో సున్నంతో 400 మీటర్ల గీత గీసుకున్నాం. మొదటి రెండు రౌండ్లు బాగా మెల్లగా. తర్వాత ప్రతి రెండు రౌండ్లకు కొంచెం కొంచెం వేగం పెంచాలి. ప్రతి మెట్టు చివర, ఆగకుండా పరుగెత్తుతూనే, బడిలో ప్రార్థనప్పుడు చెప్పే ప్రతిజ్ఞ పైకి చెప్పాలి, ఆ వెంటనే వేళ్లతో అంకె చూపించాలి. నేను రౌండు టైము రాసుకుంటాను. ప్రతిజ్ఞ ఎందుకంటే, అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లా క్రాస్‌లో కార్ల్ ఫాస్టర్ బృందం ఈ మాటల పరీక్ష చేసినప్పుడు వాళ్ల జెండా ప్రతిజ్ఞనే చెప్పించింది. అందరికీ నోటికి వచ్చింది, పొడవు ఎప్పుడూ ఒక్కటే. మనకూ ఒకటి ఉంది కదా. దాన్ని 1962లో రాసింది నల్గొండ జిల్లా అన్నెపర్తి వాడైన పైడిమర్రి వెంకటసుబ్బారావు. మా పిల్లలు మరాఠీలో చెబుతారు, దాన్ని రాసింది తెలుగువాడని చెబితే నమ్మరు.

ప్రతిజ్ఞ తడబడకుండా, ఊపిరి వెతుక్కోకుండా చెప్పగలిగితే మొదటి గీత కిందే ఉన్నట్టు. "చెప్పగలను సార్, కానీ..." అని ఆ కానీ వచ్చిందంటే గీత దగ్గరికి వచ్చినట్టు. రెండు మాటలకు మించి రాకపోతే రెండో గీత దగ్గరో, దాటో ఉన్నట్టు. ఒక కుర్రాడి సంగతి చెబుతాను. రౌండు రెండున్నర నిమిషాల్లో పోయినప్పుడు ప్రతిజ్ఞ శుభ్రంగా చెప్పాడు, మూడు వేళ్లు చూపించాడు. రెండు నిమిషాల ఇరవై సెకన్లకు వచ్చేసరికి మధ్యలో తెగింది, నాలుగు వేళ్లు. రెండు నిమిషాలకు దింపగానే మొదటి మాటతోనే ఆగిపోయాడు, చేయి మొత్తం చూపించి ఇంకో వేలు కలిపాడు. అంతే, వాడి రెండు గీతలూ దొరికాయి. వాచీ అక్కర్లేదు, సూది అక్కర్లేదు. ల్యాబ్‌లో కొలిస్తే కొంచెం తేడా రాదని నేను అనను. కానీ ఆ తేడా వయసు సూత్రం తెచ్చే తేడా కంటే పెద్దదేం కాదు, పైగా వాడి ఒంటిది.

తర్వాతి పని దీన్ని తిరగేయడం. మర్నాడు టైము చెప్పకుండా, "బిడ్డా, నిన్న మూడు వేళ్లు చూపించిన పరుగు ఇయ్యాల పరుగెత్తు" అంటాను. మొదట్లో అందరూ వేగంగా పోతారు. కొన్ని వారాలు పోయాక రౌండు టైము నిన్నటిదానికి దగ్గర దగ్గరగా వస్తుంది. అప్పుడు ఆ పిల్లవాడు వాళ్ల ఊళ్లో, అడవి రోడ్డు మీద, ఎవరూ లేకపోయినా తన గీత తాను పట్టుకోగలడు.

ఇక్కడే అసలు గొడవ మొదలవుతుంది. 1600 మీటర్ల పరుగు మొత్తం రెండో గీతకు పైనే. పరీక్ష రోజు తొమ్మిది, పది వేళ్ల పని. కాబట్టి రోజూ అలాగే పరుగెత్తాలని పిల్లల నమ్మకం. రోజూ స్టాప్‌వాచ్ పెట్టుకొని పోటీ. రోజూ 1600. పక్షం తిరిగేసరికి పిక్కలు పట్టేస్తాయి, టైము మాత్రం ఎక్కడిదక్కడే. నార్వేలో పనిచేసే స్టీఫెన్ సైలర్ అనే పరిశోధకుడు పెద్ద పెద్ద దూరపు పరుగు వీరుల సాధన లెక్కలు చూశాడు. వాళ్ల సాధనలో ఎనభై శాతం దాకా మొదటి గీత కిందే జరుగుతోందని తేలింది. ప్రపంచంలో అందరికంటే వేగంగా పోయేవాళ్లు ఎక్కువ రోజులు మాట్లాడుకుంటూ పరుగెత్తుతుంటే, మా కుర్రాళ్లకు మాట్లాడుకుంటూ పరుగెత్తడం నామోషీ. "ఆడపిల్లల్లాగా ఏంది సార్" అన్నాడొకడు. ఆ మాట విన్న ఆడపిల్ల తునికాకు సీజన్లో అడవిలో ఆకు తెంపి, కట్టలు మోసుకొని కల్లం దాకా నడిచే పిల్ల. రోజంతా పోయే నడక ఏదో, మధ్యాహ్నానికి పడేసే నడక ఏదో ఆ పిల్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. కొలత చెప్పిన మొదటి రోజే ఆమె అంకెలు అందరికంటే నికరంగా వచ్చాయి.

కుర్రాళ్ల అంకెలు మాత్రం జాగ్రత్తగా తీసుకోవాలి. గుంపులో అడిగితే అందరూ రెండో మూడో చూపిస్తారు, మొహం చూస్తే ఎనిమిది. అందుకని ఒక్కొక్కరినే పక్కకు పిలిచి అడుగుతాను. కాళ్లకు ఎంత, దమ్ముకు ఎంత అని వేరువేరుగా కూడా అడుగుతాను, ఎందుకంటే సైకిల్ తొక్కి వచ్చినవాడికి కాళ్లు ముందే అయిపోయి ఉంటాయి, దమ్ము ఇంకా ఉంటుంది. ఇంకో సంగతి, రాత్రంతా జీకే పుస్తకాలు చదివి వచ్చిన రోజు అదే వేగానికి అంకె ఎక్కువ వస్తుంది. దీనికీ పరిశోధన ఉంది. 2009లో సామ్యూల్ మార్కోరా బృందం, తొంభై నిమిషాలు బుర్రకు పని పెట్టి తర్వాత సైకిల్ తొక్కించింది. గుండె వేగంలో తేడా లేదు, కానీ కష్టం ఎక్కువగా అనిపించింది, ముందే దిగిపోయారు. అలా అని అంకె అబద్ధం చెప్పినట్టు కాదు. ఆ రోజు మనిషి దగ్గర ఉన్నదే అంత. కాఫీ, ఎనర్జీ డ్రింకు తాగి వస్తే దీనికి వ్యతిరేకంగా, అంకె తక్కువ వస్తుంది. గీత వెతికే రోజు అవి వద్దని చెబుతాను. ఎంతమంది వింటారో వాళ్లకే తెలియాలి.

మా ఎండ గురించి మీకు తెలుసు. ప్రాణహిత గోదావరిలో కలిసే చోట ఉన్నా, మే నెలలో పొద్దున ఏడు దాటితే నేల మీద నిలబడలేం. ఎండలో ఒళ్లు చల్లబడటానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, చెమటతో నీళ్లు పోతాయి, అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది, పరుగు సాగేకొద్దీ ఇంకా పెరుగుతుంది. జనవరిలో రాసుకున్న రౌండు టైము పట్టుకొని మేలో పరుగెత్తితే వాడు గీత ఎప్పుడో దాటేసి ఉంటాడు. వేళ్ల లెక్కలో పోయేవాడైతే వేగం తానే తగ్గించుకుంటాడు. ఇది చిన్న విషయం కాదు. 2024లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ భర్తీకి 10 కిలోమీటర్ల పరుగు పెట్టినప్పుడు పదిమందికి పైగా అభ్యర్థులు చనిపోయారు. అంతకు ముందు 2014లో ముంబయి పోలీస్ భర్తీ పరుగులోనూ కుర్రాళ్లు పోయారు. ఒక్కొక్కరి చావుకు కారణం ఏమిటో డాక్టర్లు చెప్పాలి, నేను చెప్పేది కాదు. కానీ ఒళ్లు ఆగమన్నప్పుడు ఆగడం సిగ్గు కాదని ఆ పిల్లలకు ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సింది. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, చెమటలు చల్లగా పట్టడం, వీటికి వేళ్లు చూపించే లెక్క లేదు. కూర్చోవడం, ఆస్పత్రికి పోవడం, అంతే.

ఇక పెద్దవాళ్లు. సాయంత్రం మాతో నడిచేవాళ్లలో బీపీకి, గుండెకు మాత్రలు వేసుకునేవాళ్లు చాలామంది. నేనూ ఒకణ్ని. నాది మెటోప్రోలాల్. ఆ జాతి మాత్రలు గుండె వేగాన్ని పైకి పోనివ్వవు. మీ పట్టిక ప్రకారం 65 ఏళ్ల మనిషి గుండె 93 నుంచి 124 మధ్య కొట్టుకోవాలి. నేను వంతెన ఎక్కేటప్పుడు పక్కవాడికి జవాబు చెప్పలేనంత ఆయాసపడుతుంటే మా అబ్బాయి కొనిచ్చిన వాచీ తొంభై ఎనిమిది చూపించి, ఇంకా వేగం పెంచమని చేతి మీద గిలిగింతలు పెడుతుంది. పట్టికను నమ్మితే పెంచాలి కూడా. ఈ మాత్రల వాళ్లు గుండె అంకె కాకుండా కష్టం అంకె చూసుకోవాలని గుండె వైద్యులే చెబుతారు. మీ పట్టిక కింద ఆ ఒక్క వాక్యం లేకపోవడం నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించింది.

ఇంకొక్కటి, పిల్లల కోసం. ఫాస్టరే చెప్పిన లెక్క. పరుగు అయిపోయిన అరగంటకు, స్నానం చేసి కూర్చున్నాక, మొత్తం ఎంత కష్టంగా ఉండింది అని 0–10లో ఒక అంకె వేసుకోవాలి. దాన్ని నిమిషాలతో గుణించాలి. నలభై నిమిషాలు, అంకె 3 అయితే 120. ఇరవై నిమిషాలు, అంకె 8 అయితే 160. సగం సేపే పరుగెత్తినా బరువు ఎక్కువ పడిందని నోటుబుక్కులో కనబడుతుంది. వారం మొత్తం కూడితే ఎవడు ఎందుకు కుంటుతున్నాడో నన్ను అడగక్కర్లేదు.

కాబట్టి నా మనవి. ఆ 220 పట్టిక మళ్లీ వేయాల్సి వస్తే, పక్కన బోర్గ్ కొలతను తెలుగులో మాటలతో సహా వేయండి. ఏ కొలతో పేరు రాయండి. మాటల పరీక్ష మూడు ముక్కల్లో చెప్పండి. గుండె మాత్రల వాళ్లకు ఒక హెచ్చరిక పెట్టండి. అక్షరాలు పెద్దవిగా ఉంటే మైదానం గది తలుపుకు అతికిస్తాం. ఆరోగ్యం పేజీలో స్థలం లేకపోతే ఉద్యోగాల పేజీలో వేసినా మాకు ఇంకా మేలు, భర్తీ పిల్లలు ముందు తెరిచేది అదే.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
సిరొంచ, గడ్చిరోలి జిల్లా